నీళ్ళ మీద పిలిచిన పేరు

నర్సీపట్నంలో వీరేంద్రని చూసి "సముద్రమెక్కడుందిరా బాబూ?" అని అడగనివాడు పాపాత్ముడు. ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుటి సందులో, ఎరువుల కొట్టుకీ సెల్‌ఫోన్ రిపేరు షాపుకీ మధ్య, కయాక్‌లనే సన్నటి తెడ్డు పడవల్ని గోడకి ఆనించుకుని 'సముద్ర విహారం' అని బోర్డు పెట్టుకుంటే జనం ఊరుకుంటారా? వీరేంద్ర నవ్వేసేవాడు. బలిఘట్టంలో జీడితోటల ఇంట్లో పుట్టి, గోవా పోయి తెడ్డు వెయ్యడం నేర్చుకొచ్చినవాడు ఆ మాత్రం మాటలు పడాలి మరి.

ఆదివారం వస్తే చాలు, బొలేరో మీద కయాక్‌లు కట్టుకుని చీకటితోనే బయల్దేరేవాడు. నక్కపల్లి దగ్గర హైవే దాటి, సరుగుడు తోటల్లోంచి పోతే ఒక పల్లెపేట వస్తుంది. అక్కడ ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆ మొగలోంచి పడవలు దింపి, అలలు విరిగే చోటు దాటి, ఒడ్డు వెంటే నల్లరాళ్ళ దాకా జనాన్ని తీసుకెళ్ళి, సూర్యోదయం చూపించి, వెనక్కి తెచ్చి టీ ఇచ్చి పంపడం అతని పని. పొద్దున్నే ఆ నీళ్ళ మీద బంగారం పోసినట్టుంటుంది. ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ బంధువుల్ని వెంటేసుకుని వచ్చేవారు.

ఆ పేటలోనే అతనికి సౌందర్య దొరికింది. ఎర్రన్న కూతురు. ఎర్రన్న వేటకెళ్ళే మనిషి, ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి ఒడ్డునే ఉంటున్నాడు. సౌందర్య నడక కంటే ముందు ఈత నేర్చిన పిల్ల. పాడిల్ బోర్డనే వెడల్పాటి పలక మీద నిటారుగా నిలబడి తెడ్డేస్తూ పోతుంటే వీరేంద్ర నోరు తెరుచుకుని చూశాడు. ఉపమాక వెంకన్న సన్నిధిలో తాళి కట్టేశాడు. చేపలమ్ముకునే ఇంటి పిల్ల నా గడప తొక్కడానికి వీల్లేదని వీరేంద్ర తల్లి రామాయమ్మ పెళ్ళికి రాలేదు. వచ్చి అక్షింతలు వెయ్యమని ఎంతమంది చెప్పినా తలుపు వేసుకుని కూర్చుంది. మొండిదంటే మొండిదే.

అలాంటి రామాయమ్మ ఆ వారం ఫోన్ చేసింది. "ఆదివారం మధ్యాహ్నం దాన్ని తీసుకుని రా. భోజనానికి," అని టక్కున పెట్టేసింది. వీరేంద్రకి కాళ్ళు నేల మీద ఆన్లేదు. పొద్దున్న ట్రిప్పు తెమిల్చేసి, భార్యని క్షేమంగా అమ్మ ముందు నిలబెడితే చాలు, ఇంకేం అక్కర్లేదు అనుకున్నాడు. సౌందర్య అయితే, "మీ అమ్మకి నచ్చకపోతేనో? నా యాస ఇని నవ్వితేనో?" అని రాత్రంతా ప్రశ్నలు.

ఆ పేటవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. నీళ్ళ మీద మనిషిని పేరు పెట్టి పిలవరు. పడవలో ముందుంటే ముందోడు, వెనకుంటే ఎనకోడు, అంతే. మంచు కమ్మి మనిషి కనబడకపోతే తెడ్డుతో చెక్క మీద రెండు దెబ్బలు కొడతారు. అవతలివాడు రెండు దెబ్బలు కొట్టి జవాబిస్తాడు.

"ఎందుకు మామా?" అని వీరేంద్ర మొదట్లోనే అడిగాడు.

"వేటకెల్లి తిరిగి రానోళ్ళు ఉంటారు కదా బాబూ," అన్నాడు ఎర్రన్న, వల కుట్టుకుంటూ. "నీల్లల్లో నాని నాని ఆళ్ళ పేర్లు ఆళ్ళకే గురుతుండవంట. ఎవుల పేరు ఇనిపిస్తే అది అందుకుంటారంట. మా తాత సెప్పేవోడు. నిజమో, అబద్ధమో."

వీరేంద్రకి అది ఆటలా ఉండేది. గుంపుకి చివర బోర్డు మీద వచ్చే భార్యని "ఓ ఎనకమ్మా!" అని ఏడిపించేవాడు. "ఏటి ముందోడా!" అని ఆమె పళ్ళికిలించేది.

ఆ ఆదివారం వచ్చినవాళ్ళు ఇద్దరే. రిటైరైన హెడ్మాస్టరు ఉమామహేశ్వరరావుగారు, ఆయన భార్య. ఇద్దరికీ కలిపి ఒక జంట కయాక్. మాఘమాసపు చలి. మాస్టారు లైఫ్ జాకెట్ మీద మఫ్లరు, ఆ పైన మంకీ క్యాపు. "హిమాలయాలెక్కుతున్నారా?" అని ఆవిడ దెప్పుతూనే ఉంది. ముందు వీరేంద్ర, మధ్యన వాళ్ళు, చివర బోర్డు మీద సౌందర్య. ఒడ్డున ఎర్రన్న టీ పొయ్యి మీద పెట్టి లాంతరు పట్టుకుని నిలబడ్డాడు.

నల్లరాళ్ళ దాకా బాగానే వెళ్ళారు. సముద్రం నూనె పోసినట్టు నిమ్మళంగా ఉంది. తూర్పున ఎరుపు కూడా తేలింది. అంతలో నీళ్ళ మీంచి పొగలా మంచు లేచింది. చూస్తుండగానే ఆ ఎరుపు పోయింది, రాళ్ళు పోయాయి, ఒడ్డున ఉండాల్సిన తాటిచెట్లు పోయాయి.

"వెనక్కి పోదాం అండీ. మంచు చిక్కబడుతోంది," అన్నాడు వీరేంద్ర.

పడవలు తిప్పుతుంటే మాస్టారి మంకీ క్యాపు నీళ్ళలో పడింది. "అయ్యో, నా టోపీ!" అని ఆయన లేవబోయాడు. కయాక్ ఊగిపోయింది. ఆవిడ కెవ్వుమంది.

"మీరు కూకోండి సార్! నాను తెస్తాను. మీరు పదండి," అంది సౌందర్య, నవ్వుతూ బోర్డు తిప్పుకుంది.

వీరేంద్ర సరేనన్నాడు. అక్కడే తప్పు జరిగింది. కానీ ఆ పిల్లకి ఆ నీళ్ళు పెరటి బావి లాంటివి, ఆమె గురించి భయపడాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

అలల చప్పుడుని బట్టి దారి పట్టుకుని ముసలి దంపతుల్ని మొగలోకి చేర్చాడు. లాంతరు మసగ్గా కనబడింది. ఎర్రన్న పరుగున వచ్చి వాళ్ళ కయాక్‌ని ఇసక మీదకి లాగాడు. వీరేంద్ర వెనక్కి తిరిగి చూశాడు. తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. చెవులు రిక్కించాడు. తెడ్డు చప్పుడు లేదు.

"ఏదీ పిల్ల?" అన్నాడు ఎర్రన్న.

వీరేంద్ర అప్పటికే తెడ్డు అందుకున్నాడు. కయాక్ మళ్ళీ నీళ్ళలోకి తోసేశాడు.

మంచులో సముద్రానికి వేరే వాసన ఉంటుంది. తడిసిన వలల వాసన, దాని అడుగున ఇంకేదో. మూసి ఉంచిన గది తెరిచినట్టు. లోపలికి పోయేకొద్దీ అలల మోత కూడా వెనకబడిపోయింది. తెడ్డు ఎత్తినప్పుడు జారే చుక్కల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆగాడు. తెడ్డుతో కయాక్ మీద కొట్టాడు. టక్... టక్.

జవాబు లేదు.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. అమ్మ వంట మొదలుపెట్టే ఉంటుంది. ఈ పిల్ల లేకుండా తను ఆ ఇంటికి ఎలా పోతాడు? ఆ ఇంటికే ఏమిటి, ఎక్కడికైనా ఎలా పోతాడు? పట్టింపులూ లేవు, పాడూ లేవు.

"సౌందర్యా!" అని అరిచాడు. "సౌందర్యా...!"

మంచు ఆ పేరుని మింగేసింది.

"ఇక్కడున్నాను."

లోసముద్రం వైపు నుంచి. ఆమె గొంతే. అతని ప్రాణం లేచొచ్చింది. ఆ వైపు బలంగా తెడ్డు వేశాడు. మంచులో ఒక ఆకారం మసకమసగ్గా కనబడింది. బోర్డు మీద మోకాళ్ళు ముడుచుకుని, కాస్త పక్కకి తిరిగి కూర్చుని ఉంది. జుట్టంతా తడిసి ముఖం మీద పడింది.

"పడిపోయావా? దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"సలేస్తంది. ఎల్దాం."

ఇంకేం ఆలోచించలేదు. కయాక్ వెనక ఉండే లాగుడు తాడు విసిరాడు. ఆమె పట్టుకుంది. ఒడ్డు వైపు తిప్పుకుని తెడ్డు వెయ్యడం మొదలుపెట్టాడు. మనిషిని లాగుతున్న బరువు తాడుకి తెలియడం లేదు. కంగారులో ఉన్నవాడికి అది ఆలస్యంగా తట్టింది.

"ఇంకోపాలి పిలు," అంది వెనక నుంచి.

"ఏంటి?"

"నా పేరు. ఇంకోపాలి పిలు. బాగుంది."

వీరేంద్ర నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అప్పుడు వినిపించింది. చాలా దూరంగా, కుడి చేతి వైపు...

టక్. టక్.

తెడ్డు ఆపేశాడు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి.

"నువ్వా కొట్టింది?" అని గొణిగాడు.

"నాను కాదు. ఎవులో కొడతన్నారు. అటు సూడకు. బేగి పద."

టక్. టక్. ఆ దెబ్బల్లో తొందర ఉంది. ఏడుపు కూడా ఉన్నట్టుంది.

వెనక్కి తిరిగి చూడాలంటే ధైర్యం చాలడం లేదు. వెనక కూర్చున్నది జరిగి దగ్గరకి వచ్చినట్టుంది. గొంతు ఇప్పుడు అతని భుజం దగ్గరే వినిపిస్తోంది. ఊపిరి మాత్రం తగలడం లేదు. చెవిలో రహస్యం చెప్పినట్టు, ఎంతో ముద్దుగా అడిగింది.

"మరి... నీ పేరేటి?"

వీరేంద్ర కయాక్‌కి తాడు పట్టించిన కొక్కెం లాగి వదిలేశాడు. ఎలా వదిలాడో, ఎప్పుడు వదిలాడో అతనికే తెలియదు. కుడి వైపుకి పిచ్చెత్తినట్టు తెడ్డు వేశాడు. వెనక నుంచి పిలుపులు లేవు, అరుపులు లేవు. ఎవరో తనలో తాను ఏదో మాట నేర్చుకుంటున్నట్టు మెల్లగా, మళ్ళీ మళ్ళీ అనుకోవడం వినబడింది. "సౌందర్య... సౌందర్య... సౌందర్య..."

టక్ టక్ దగ్గరపడింది. బోర్డు మీద సౌందర్య బోర్లా పడుకుని ఉంది. ఒక చేత్తో తెడ్డు, ఇంకో చేత్తో తన నోరు గట్టిగా మూసుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని చూసి ఏడ్చింది గానీ చప్పుడు రానివ్వలేదు. వీరేంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. బరువుగా ఉంది. తల్లీ, ఎంత బరువో! ఆ బరువుకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇసక మీద కాళ్ళు పెట్టాక గానీ ఆమె నోరు విప్పలేదు. "మంచులో దారి తప్పిపోనాను. నీ దెబ్బలు ఇనబళ్ళేదు, నువ్వు పిలిసింది ఇన్నాను. పలకాలని పేణం కొట్టుకుపోయింది. పలకలేదు," అంది. "మరి నా గొంతుతో ఎవులో పలికేసినారు నాన్నా... నానిక్కడుంటే, నా పేరుకి..."

ఎర్రన్న అల్లుడి ముఖంలోకి చూశాడు. "పేరెట్టి పిలిసినావా బాబూ?"

వీరేంద్ర తల ఊపాడు.

"పలికిందా?"

మళ్ళీ ఊపాడు. ముసలాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అయితే ఆ పేరు ఇడిసీండి. ఎవులూ ఆ పేరుతో పిలవద్దు. ఏరే పేరెట్టుకుందాం, పేర్లకేటి కరువు?" అన్నాడు కూతురి తల తుడుస్తూ. "పిలిస్తే ఏటవుతాదో మాత్రం నాకు తెల్దు. అంతదాకా ఎవులూ సెప్పలేదు."

బలిఘట్టం చేరేసరికి మంచు జాడే లేదు. ఎండ పెళపెళ కాస్తోంది. సముద్రం ఎక్కడో, తాము ఎక్కడో. దారిలో, "అమ్మతో ముందే చెప్పేస్తాను, పేరు పెట్టి పిలవొద్దని," అన్నాడు వీరేంద్ర. సౌందర్య ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళకి గుమ్మంలోకి రానిచ్చింది. కాలెట్టగానే దెయ్యాల కబుర్లు సెప్తే మీ అమ్మ ఏటనుకుంటాది? నాలుగు మెతుకులు తిన్నాక సెబుదాం," అంది. అదీ నిజమేననిపించింది.

రామాయమ్మ గుమ్మంలోకి వచ్చి కోడల్ని కింద నుంచి పైదాకా చూసింది. "బక్కగా ఉందేటి? తిండి పెట్టట్లేదా మా వాడు?" అంది. ఆ గొంతులో కోపం లేదు. చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, కూర్చోమని చెప్పి వంటింట్లోకి పోయింది. సౌందర్య కళ్ళు నీళ్ళతో నిండాయి. మంచం మీద మొగుడి పక్కన ఒద్దికగా కూర్చుంది. వంటింట్లోంచి ఆవాలు చిటపటలాడిన వాసన వస్తోంది. గండం గడిచిందిరా భగవంతుడా అనుకున్నాడు వీరేంద్ర.

"సౌందర్యా!" అని పిలిచింది రామాయమ్మ లోపల్నుంచి. ఎంత ఆప్యాయంగా పిలిచిందో. "సౌందర్యా, ఇలా రా అమ్మా!"

సౌందర్య పలకబోయి, ఉలిక్కిపడి పెదాలు బిగించింది. అతనివైపు చూసింది. వీరేంద్ర గబుక్కున లేచాడు, తనే లోపలికి పోయి చెప్దామని.

పెరట్లోంచి, బోరింగు పంపు దగ్గర నుంచి, గలగలా నవ్వుతూ సౌందర్య గొంతు పలికింది.

"వత్తన్నా అత్తా!"

పక్కనున్న సౌందర్య అతని చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆమె పెదాలు మూసే ఉన్నాయి. అమ్మా, వద్దు అని అరవబోయాడు వీరేంద్ర. గాలి కూడా రాలేదు.

"అప్పుడే పెరట్లోకెల్లిపోయావా?" అంది రామాయమ్మ మురిసిపోతూ, వెనక్కి తిరగకుండానే పప్పులో తాలింపు కలుపుతూ. "తలుపు తీసే ఉందే. అక్కడే నిలబడ్డావేటి, మన ఇల్లే కదా, లోపలికి రా."