కుడివైపు నవ్వు

"ఏదీ, నవ్వు," అన్నాడు గంగరాజు.

కనకకి ఒళ్లు మండిపోయింది. ఎడమవైపు మొహం చచ్చుబడి, కన్ను మూతపడక, తాగిన నీళ్లు మూతి చివర్నుంచి కారిపోతుంటే, అరకు సంతలో అల్లం అమ్ముకునే పిల్లని పట్టుకుని నవ్వమంటాడేమిటి ఈ మనిషి!

"తమాసాగుందేటి నీకు?"

"అయ్యో, తమాషాకి కాదమ్మా. ఏ కండ కదులుతోందో చూడాలి. ప్రతి వారం ఫోటో తీసి పోల్చుకుంటాను. పెద్దాసుపత్రిలో చూపించుకున్నావా?"

"సూపించినాను. మాత్రలిచ్చినారు, డాక్టరుబాబూ."

"డాక్టర్ని కాదు. ఆక్యుపంక్చర్ థెరపిస్టుని. గంగరాజు."

"మా తాత పేరూ అదే," అంది కనక సగం మూతితోనే.

అతను పకపకా నవ్వేశాడు. చూడాలి మరి ఆ నవ్వు! కనక కోపం ఎటు పోయిందో పోయింది.

గంగరాజుది బొబ్బిలి. ప్రతి శుక్రవారం కొండెక్కి వచ్చి, సంత పక్కన అద్దెగదిలో మంచం వేసేవాడు. చెంప మీద, చెవి వెనక, బొటనవేలి సందున వెంట్రుకంత సన్నని సూదులు. అవి ఉన్న ఇరవై నిమిషాలూ మెదలకూడదు. కనక నోరు ఊరుకుంటే కదా!

"పెళ్లయిందేటి నీకు?"

"మాట్లాడకు, సూదులు ఊడిపోతాయి."

"తలూపు సాలు."

అతను తల అడ్డంగా ఊపాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట ఎవరికి ఎంత అల్లం తూచిందో కనకకి గుర్తులేదు.

ఆరో వారం, పొద్దున్నే నీళ్లు తాగుతుంటే ఒక్క చుక్క కూడా కారలేదు. అద్దం ముందుకి పరిగెత్తి నవ్వి చూసుకుంది. నవ్వు తిన్నగా ఉంది! మాత్రలకి తగ్గిందో, సూదులకి తగ్గిందో, దానంతటదే తగ్గిందో ఎవరు చెప్పొచ్చారు? ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, కనకకి గుండె గుభేలుమంది. తగ్గిపోతే ఇక రావక్కర్లేదంటాడు. అప్పుడు అతనెవరు, తనెవరు?

ఆ శుక్రవారం అతను నవ్వమన్నప్పుడు కనక కుడివైపు మాత్రమే నవ్వింది.

నెలన్నరపాటు ఆ వంకర మూతితో కాపురం చేసింది. అది ఎలా వేలాడుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? గంగరాజు నమ్మేశాడు, పాపం. కానీ సంతలో తిన్నగా నవ్వితే ఎవరో ఒకరు అతని చెవిన వేస్తారు కదా. అందుకని సంతలోనూ వంకరే. పక్కన కూర్చుని పసుపు అమ్మే సోములమ్మ పిన్ని దగ్గరా వంకరే.

సంతకి వచ్చినవాళ్లకి కళ్లుండవూ? "కనకని సూడండి, అన్ని సూదులు పొడిపించుకున్నా మూతి అలగే ఉంది. ఆ గుంటడికేటీ రాదు!" గది ముందు జనం పలచబడ్డారు. ఆ మాటలు కనక చెవినా పడ్డాయి. వచ్చే వారం చెప్పేద్దాం అనుకుంది. వచ్చే వారమూ అదే అనుకుంది. పిచ్చిది!

పన్నెండో వారం వెళ్లేసరికి మంచం మడిచి గోడకి ఆనించి ఉంది.

"ఇక రాను కనకా. వైజాగ్‌లో మందుల షాపులో పని దొరికింది. మళ్లీ సూది పట్టను."

"అదేటి? ఎందుకు?"

"నీకే తగ్గించలేకపోయాను. ఎక్కడ తప్పు పెడుతున్నానా అని నెలన్నరగా పుస్తకాలు తిరగేస్తూనే ఉన్నా." అతను తల దించుకున్నాడు. "నీకు తగ్గాక మీ అయ్యని కలుద్దామనుకున్నాను. వైద్యం చేస్తూ పిల్లని అడగడం తప్పు కదా. తగ్గనీ, తగ్గనీ అని కాచుకుని కూర్చున్నా."

కనక ఇంకేం దాచగలదు? ఏడుస్తూనే నవ్వింది, రెండు వైపులా.

గంగరాజు దగ్గరికొచ్చాడు. "కళ్లు మూయి. బుగ్గలు పూరించు," అన్నాడు. అన్నీ చేసింది. అతని మొహం ఒక్క క్షణం వెలిగింది.

"ఎప్పట్నుంచి?"

"ఆరో వారం నుంచి. తగ్గిపోతే రావొద్దంటావని బయమేసినాది. ఇప్పుడడుగు మా అయ్యని. పద, ఇప్పుడే ఎల్దాం!"

"నాకేమీ రాదని సంతంతా అంటుంటే, నువ్వు అక్కడే కూర్చుని విన్నావు కదూ?"

అతను సంచీ భుజాన వేసుకున్నాడు. "నీకు తగ్గినందుకు సంతోషం," అన్నాడు. ఎత్తిపొడుపుగా అన్నా బాగుండేది. మనస్ఫూర్తిగా అన్నాడు, బస్సెక్కి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చిన కనకని చూసి సోములమ్మ పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! మూతి తిన్నగైపోనాదే!"

"గంగరాజు బాబు బాగు సేసినాడు," అంది కనక, నలుగురికీ వినబడేలా. "ఎప్పుడో బాగు సేసీసినాడు."

అల్లం బేరమాడుతున్న తవిటమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది. "మా కొడుకు సోంబరుకీ మొకం అలగే పడిపోనాదే, అమ్మా. ఆ బాబు ఏడే? బేగి సెప్పు!"

"ఎల్లిపోనాడు," అంది కనక. "నానే ఎల్లగొట్టీసినాను."