హంసకొలను శాసనము

మేడికొండ దుర్గమును శత్రుసేనలు చుట్టుముట్టి మూడు మాసములు కావచ్చెను. ఒకప్పుడు అంగడివీథుల సందడితో మార్మ్రోగిన ఆ నగరమున నేడు వెలుగని పొయ్యిలు, డొక్కలెండిన గుఱ్ఱములు, మాటలు మానుకొనిన మనుష్యులు. కోటలోని కొలనున మాత్రము రాజహంసలు తెల్లగా తేలియాడుచుండెను. రాజైన బయ్యభూపతి తాతగారి కాలమునుండి ఆ హంసలు రాజుసొత్తు. వానిని చంపినవారి కుడిచేయి నరుకవలెనని శాసనము.

దుర్గరక్షకుడైన సూరపనాయకుడు, అరువదియేండ్ల వృద్ధుడు, ఆ ఉదయమున బురుజు దిగి సభకు వచ్చునప్పటికి పోచక్క యను స్త్రీ రాజు నెదుట నిలిచియుండెను. ఆమె భర్త విలుకాడు. వారము క్రిందట కోటగోడపైనే కూలెను. పిల్లల ఆకలి చూడలేక ఆమె ఒక హంసను పట్టి వండెను.

"శిక్ష తప్పదు ప్రభూ! శాసనము సడలినచో రాజ్యమెక్కడిది?" అనెను మంత్రి గుండయ.

సూరపనాయకునికి నిలుచుటయే భారముగా నుండెను. "హంసను చంపుమన్నది నేను" అనెను.

పోచక్క తెల్లబోయెను. మంత్రి కన్నులు మెఱసెను. "ఐనచో తెగవలసిన చేయి నాయకునిదే!"

బయ్యభూపతి యువకుడు, కత్తి పట్టుట ఆ వృద్ధుని యొద్దనే నేర్చెను. "నాయకా! నీ నోట అబద్ధము నేనెన్నడును వినలేదు. ఇదేమి?"

"అలసితిని ప్రభూ! నలుబదియేండ్ల క్రిందట ఒక బోయవాడు ఆకలికి హంసను కొట్టెను. మీ తాతగారి ఆజ్ఞపై వాని చేయి నరికినవాడను నేనే. వాని కేక నేటికిని నన్ను విడువలేదు. మరల ఒక చేయి తెగుట చూచు ఓపిక నాకు లేదు. తీసికొనదలచితిరేని, నరికిన ఈ చేయినే తీసికొనుడు."

 రాజు సింహాసనము దిగివచ్చి, "నేటినుండి హంసలు రాజుసొత్తు కావు. దండునకును పిల్లలకును వండిపెట్టుడు" అని ఆజ్ఞాపించెను.

సాయంకాలమునకు గుండయ శత్రువునకు వ్రాసిన కమ్మ కావలివారికి చిక్కెను. సూరపనాయకుని అడ్డు తొలగిన మఱునాడే ఉత్తరపువాకిలి తెఱపింతునని అందుండెను. మంత్రిని సంకెళ్లు వేసి చెఱసాలకు పంపిరి.

మఱునాటి సూర్యోదయమున, పిడికెడు కూడైన కడుపున బడిన దండుతో సూరపనాయకుడు కోట వెడలి శత్రువుపై బడెను. మధ్యాహ్నమునకు శత్రువులు గుడారములు విడిచి పాఱిపోయిరి. రొమ్మున బల్లెము దిగిన నాయకుని భటులు వాకిలి నీడకు మోసికొనివచ్చిరి. రాజు పరుగున వచ్చి అతని తల ఒడిలో పెట్టుకొనెను.

"గెలిచితిమి నాయకా!"

వృద్ధుడు కష్టముతో కన్నులు తెఱచెను. "పోచక్క పిల్లలు తినిరా?"

"తినిరి."

"ఇక నన్ను పరుండనిండు ప్రభూ" అని అతడు కన్నులు మూసికొనెను.