గులాబీ రంగు మరక

పాలు పొయ్యి మీద పెట్టి కుట్టుమిషన్ దగ్గరికి వచ్చిన ఆమెకు ముక్కు పగిలేలా వాసన తగిలింది. కుట్టి మడతపెట్టిన కర్టెన్ల మీద తడి. ఎవరి పనో అడగక్కర్లేదు. సోఫా కిందినుంచి పిల్లి బూడిదరంగు తోక చివర కనిపిస్తూనే ఉంది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. మీ బూడిదయ్య మళ్లీ పన్నీరు చల్లాడు!"

లిఫ్టులు బాగుచేసే భర్త సగం గీసుకున్న గడ్డంతో వచ్చి, కర్టెన్ల వంకా ఆమె వంకా చూసి, "మళ్లీనా?" అని మాత్రం అన్నాడు.

ఆమె ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చి ఎంతో కాలం కాలేదు. పదో తరగతి చదివే అమ్మాయీ, పోయిన మొదటి భార్య పెంచిన ఈ పిల్లీ అప్పటికే ఇంట్లో ఉన్నారు. కర్టెన్లు కుట్టడం ఆమె వృత్తి. వెలుతురు కోసం ముందుగదిలో కిటికీ మూలన మిషన్ వేసుకుని, పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్లే, అక్కడున్న ఇసుక డబ్బాను వెనక వాషింగ్ మెషిన్ పక్కకు జరిపింది. అప్పటినుంచీ మొదలైంది గొడవ. ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. మల్లెల వాసన ఇసుక తెచ్చి పోసింది. డబ్బాకు మూత పెట్టింది. ఇల్లంతా ఫినాయిలుతో తుడిచింది. ఒకసారైతే పిల్లిని మెడ పట్టి ఈడ్చుకెళ్లి, "ఇక్కడ! ఇక్కడ పొయ్యాలి!" అంటూ తల డబ్బాలోకి వంచింది. ఆమె ఎంత కడిగితే అది అంత పాడుచేసింది.

సగం వేసిన జడ చేత్తో పట్టుకుని అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"అది కావాలని చెయ్యట్లేదు పిన్నీ."

"కావాలని కాకపోతే నా పరుపు మీదే ఎందుకు, నా బట్టల మీదే ఎందుకు? నేను ఈ ఇంటికి రావడం దానికి గిట్టలేదు. దానికొక్కదానికేనా అని కూడా నాకు అనుమానమే!"

మాట జారిందని ఆమెకు వెంటనే తెలిసింది. అమ్మాయి మొహం మాడిపోయింది.

"సరే, సరే. దీన్ని మా కంపెనీ షెడ్డుకు తీసుకుపోతా. అక్కడ బోలెడు ఎలుకలు," అంటూ భర్త అట్టపెట్టె కోసం వెతికాడు. అమ్మాయి అడ్డం పడలేదు, ఏడవలేదు. ఏమీ తినకుండా బడికి వెళ్లిపోయింది. పోట్లాడి ఉంటే బాగుండేదని ఆమెకు రోజంతా అనిపిస్తూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు.

"పిల్లి తేడాగా ఉందని షెడ్డువాళ్లు చెప్పారు. మూలమూలకీ వెళ్లి కూర్చుంటోందట, మూత్రం చుక్క రావట్లేదట. ఒకటే అరుపు. ఇక్కడ లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారు, నేను కదల్లేను."

ఆమె కత్తెర కింద పెట్టి ఆటోలో బయల్దేరింది. షెడ్డులో పిల్లిని తీసుకుని, దారిలో బడి దగ్గర ఆగి అమ్మాయిని కూడా ఎక్కించుకుంది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లి పొట్ట తడిమి కనుబొమలు ముడిచింది. "రాయిలా ఉంది. మూత్రం దారి మూసుకుపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదు." మత్తిచ్చి, గొట్టం వేశాక అడిగింది, "డబ్బా ఎక్కడ పెడుతున్నారు?"

"వాషింగ్ మెషిన్ పక్కన."

"అది గిరగిరా తిరుగుతుంటే మీరైనా కూర్చోగలరా? పిల్లి బెదిరితే ఆపుకుంటుంది. ఆ బెదురుకే ఒక్కోసారి జబ్బు ముదురుతుంది. డబ్బాలో కూర్చున్నప్పుడు నొప్పి పుడితే ఆ డబ్బానే నొప్పి పెడుతోందనుకుని, మెత్తటి చోటు వెతుక్కుంటుంది. పరుపో, బట్టలో. ఇది పగ కాదమ్మా. మూత్రంలో రక్తం ఎప్పుడైనా చూశారా?"

ఆమె ఖాళీ అట్టపెట్టె తీసుకుని బయటికి నడిచింది.

బయట బెంచీ మీద కూర్చుని అమ్మాయితో అంది, "చూశాను. తెల్ల కర్టెన్ మీద గులాబీ రంగు మరక. పక్కనున్న ఎర్రగుడ్డ రంగు దిగిందనుకున్నా. నిమ్మరసం పెట్టి రుద్దేశా. అది డబ్బాలో కూర్చుని అరుస్తుంటే నాటకాలనుకున్నా. తల కూడా వంచాను..."

అమ్మాయి తన చెప్పుల వైపు చూస్తూ, "నాకు ముందే తెలుసు," అంది. "డబ్బా జరిపినప్పుడే అది బెంగపడింది. ఆ కిటికీ మూలే అమ్మ మంచం ఉండేది. అమ్మ లేవలేనప్పుడు అది రాత్రీపగలూ మంచం కిందే ఉండేది. చెబితే అమ్మ చోటు ఆక్రమించారని సాధిస్తున్నాననుకుంటారని ఊరుకున్నా. నిన్న కూడా ఊరుకున్నా."

"ఆ మూల సంగతి నాకెవరూ చెప్పలేదు."

"మీరు అడగలేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మాయి ఊరడించలేదు, కానీ లేచి పక్కకూ పోలేదు.

పిల్లి ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చే రోజు పొద్దున ఇద్దరూ కలిసి మిషన్‌ను మూలనుంచి లాగారు. చాలా బరువు. ఆమె నడుం పట్టుకుని ఆగితే, "నువ్వు లాగకు పిన్నీ, నువ్వు కాళ్ల దగ్గర పట్టుకో, నేను తోస్తా," అంది అమ్మాయి. ఆ 'నువ్వు' చెవిన పడి ఆమె తలెత్తలేదు. తలెత్తితే అమ్మాయి మళ్లీ 'మీరు' అంటుందేమోనని భయం వేసింది. ఖాళీ అయిన మూలన మూతలేని వెడల్పాటి కొత్త డబ్బా పెట్టి, ఏ వాసనా లేని ఇసుక పోశారు.

సాయంత్రం పెట్టె తెరిస్తే బూడిదయ్య గోడ వారగా నడిచి, డబ్బా చుట్టూ వాసన చూసి, లోపలికి దిగాడు. ఇసుక గీరిన చప్పుడు. కాసేపటికి మళ్లీ గీరి కప్పెట్టిన చప్పుడు.

"పోశాడు!" అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

ఆమె మెల్లగా కింద కూర్చుని చెయ్యి చాపింది. పిల్లి డబ్బాలోంచి దిగి ఆ చేతిని చూసి ఆగింది. చెవులు వెనక్కి వంచి, ఆమెకు అందనంత దూరంనుంచి చుట్టు తిరిగి, అమ్మాయి ఒళ్లోకి చేరింది.

"దానికి టైం పడుతుంది పిన్నీ."

"పట్టనీ," అందామె. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.