ఆరడుగుల తాడు

"మీకు లెక్కలు రావా, రఫీ భాయ్?"

పన్నెండేళ్లుగా పలకరాయి కోస్తున్నాను. నడుము పోయింది, గొంతులో దుమ్ము పేరుకుంది, ముప్పై దాటాయి. ఇన్నాళ్లకు ఒక అమ్మాయి మా షెడ్డుదాకా నడిచొచ్చి పేరు పెట్టి పిలిస్తే, ఆ పిలుపు ఇలా ఉంది. పైగా చివర్లో భాయ్ ఒకటి.

"రావు మేడమ్. టెన్త్ పోయింది లెక్కల్లోనే," అన్నాను.

నా వెనక రెండో మిషన్ మీద పని చేసే యేసుబాబు మామ మిషన్ ఆపేశాడు. అన్నానికి కూడా అంత త్వరగా ఆపడు.

ఆమె పేరు షాయిస్తా. మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. పిల్లలకు కోణాలు నేర్పడానికి స్కూలు ఆవరణలో నల్లరాతి గుండ్రం పరిపించాలని ఆమె ఆలోచన. మొత్తం ఎనిమిది ముక్కలు. కాగితం మీద బొమ్మ గీసి, పక్కన '6 అడుగులు, 45 డిగ్రీలు' అని రాసిచ్చింది. అట్లాగే కోసి, నిన్న స్కూల్లో దించి వచ్చాం.

"ఒక్కో ముక్క బయటి వంపు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు రావాలి. టేపు పెట్టి చూస్తే రెండడుగుల నాలుగంగుళాలు ఉంది. సరిగ్గా సగం కోసినారు!"

"ఆరడుగుల గుండ్రానికి అంతే వస్తాది మేడమ్. ఆరు ఇంటూ ఇరవై రెండు బై ఏడు. దాన్ని ఎనిమిది భాగాలు చేసి చూడండి."

"లెక్కలు రావన్నారు?"

"ఇది లెక్క కాదు మేడమ్, పని."

"ఆరు అంటే రేడియస్. మధ్యలో నుంచి అంచు దాకా."

"మా దగ్గర గుండ్రానికి ఒకటే కొలత, డయా. ఈ చివర నుంచి ఆ చివరికి. పైపుకైనా, బావి ఒరకైనా, టేబుల్ రాయికైనా ఆరంటే ఆరు డయానే. వేరేగా ఎవురూ చెప్పలే."

"పదో తరగతి పుస్తకంలో చెప్పినారు."

"అందుకే గదా ఫెయిలైంది."

నవ్వు ఆమె పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. దుమ్ము కూడా దులుపుకోకుండా రాళ్ల దొంతి మీద కూర్చుంది.

"ఐదింటికి లేచి, బేస్తవారిపేటలో బస్సెక్కి, ఆరు పీరియడ్లు చెప్పి, మళ్లీ ట్యూషన్లు. మీ మీద కోప్పడే ఓపిక కూడా లేదు రఫీ భాయ్. సోమవారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఏం చేద్దాం చెప్పండి."

ఏం చేస్తారు అనలేదు. ఏం చేద్దాం అంది. నాతో కలిసి ఎవరైనా ఏదైనా చేద్దాం అని ఎన్నేళ్లయిందో!

"కోసిన రాయి పారెయ్యొద్దు మేడమ్. అదే మధ్యలో పరుద్దాం. దాని చుట్టూ మూడడుగుల వెడల్పు పట్టీ కోస్తా. అది కూడా ఎనిమిది ముక్కలే. అప్పుడు మొత్తం మీరడిగిన పెద్ద గుండ్రం అయితాది."

ఆమె కళ్లు మొదటిసారి పూర్తిగా తెరుచుకున్నాయి. "అప్పుడు లోపలి ముక్కా నలభై ఐదే, బయటి ముక్కా నలభై ఐదే!"

"అదెట్ల? బయటి వంపు రెట్టింపు పొడుగు గదా?"

"పొడుగు మీ డయాని బట్టి. డిగ్రీలు మధ్యలో ఉండే కోణాన్ని బట్టి. గుండ్రం చిన్నదైనా పెద్దదైనా ఆ కోణం మారదు."

ఆ రోజు ఆ మాట ఎన్ని క్లాసుల్లో చెప్పి వచ్చిందో, గొంతు బొంగురుపోయి ఉంది. అయినా విసుక్కోకుండా చెప్పింది. టెన్త్‌లో నాకు ఎవరైనా ఇట్లా చెప్పి ఉంటే పాసయ్యేవాడినే.

గురువారం సాయంత్రం స్కూలుకు వెళ్లాను. ఆమె ముందే చాక్‌పీసుతో గీత గీసి పెట్టిందట. పంటలు ఎండుతుంటే రాని వాన సరిగ్గా ఆ మధ్యాహ్నమే వచ్చి గీతంతా కడిగేసింది.

"మళ్లీ గీయాలి," అంది నీరసంగా.

మధ్యలో మేకు కొట్టాం. మేకు దగ్గర తాడు పట్టుకుని ఆమె నిలబడింది. ఇంకో చివర సుద్దముక్క కట్టుకుని, వంగి గీసుకుంటూ నేను చుట్టూ నడిచాను. నేను కదిలినకొద్దీ ఆమె కూడా నావైపు తిరుగుతూ ఉంది. మా మధ్య ఆరడుగులు. తగ్గదు, పెరగదు.

"తాడు లూజు వదలొద్దు రఫీ భాయ్. ఆ, తొంభై."

"మీరు గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నా. నూట ఎనభై." తాడు వైపే చూస్తూ, "ఆదివారం కురిచేడు నుంచి నన్ను చూడ్డానికి వస్తున్నారు," అంది.

నా చేయి ఆగిపోయింది. "మంచోళ్లేనా?"

"ఎవరికి తెలుసు? ఇది పదకొండోది. ఈసారి ఎవరైనా సరే, ఒప్పేసుకుంటా. ట్రే పట్టుకుని నిలబడే ఓపిక నాకింక లేదు."

"ఎవరైనానా?"

"ఎవరైనా. నడవండి, ఇంకా సగం ఉంది."

ఆ సగం ఎట్లా నడిచానో నాకే తెలియదు. ఆమె బీఎడ్. నేను టెన్త్ ఫెయిల్. పైగా మాటకు ముందొక భాయ్, వెనకొక భాయ్. పనికి పోతూ రోజూ గడ్డం గీసుకుంటున్నావేందని మా అమ్మీ లాల్బీ అప్పటికే రెండుసార్లు అడిగింది. ఏమని చెప్పను?

గీత పూర్తయ్యాక ఆమె చుట్టూ తిరిగి చూసింది. ఒకచోట గీత లోపలికి నొక్కుకుపోయింది.

"ఇక్కడ తాడు లూజు వదిలినారు."

"అవును మేడమ్. మీరు ఆదివారం అన్నప్పుడు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కాలితో ఆ వంకర గీతను నెమ్మదిగా చెరిపి, మళ్లీ మేకు దగ్గరికి వెళ్లి తాడు పట్టుకుంది.

శనివారం సాయంత్రానికి రాళ్లన్నీ పరిచేశాం. పెద్ద గుండ్రం, దాని కడుపులో చిన్న గుండ్రం. యేసుబాబు మామ తడిగుడ్డతో తుడుస్తుంటే రాయి నిగనిగలాడింది. ఆమె మధ్యలో నిలబడి ఒక్కో ముక్కా చూసుకుంది.

నా నడుము రెండుగా విరిగినట్టుంది. ఇంకో రోజు ఆగే ఓపిక నాకూ లేదు.

"మేడమ్, ఒక డౌటు."

"అడగండి."

"మొన్న ఎవరైనా సరే అన్నారు గదా. అందులో నేను వస్తానా?"

మామ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"రారు," అంది ఆమె.

తాడు తీసుకుందామని వంగాను, మొహం కనపడకుండా ఉంటుందని.

"ఎవరైనా అన్నది అలిసిపోయి అన్న మాట," అంది మెల్లగా. "ఆ లెక్కలో మిమ్మల్ని కలపలేదు. మిమ్మల్ని విడిగా పెట్టుకున్నా. గురువారం నుంచి."

వంగినవాణ్ని అట్లాగే ఉండిపోయాను. నొప్పి వల్ల కాదు.

"మా అబ్బా మాత్రం టెన్తయినా పాసా అని అడుగుతాడు," అంది.

"మళ్లీ పరీక్ష కడతా. చెప్పేవాళ్లుంటే ఈసారి పాసవుతా."

"చెప్తా. కానీ రేడియస్ నేర్చుకోవాలి."

"నేర్చుకుంటా. మీరు డయా మర్చిపోకుండా ఉంటే చాలు."

ఈసారి నవ్వు ఆగలేదు. అలసిన మొహం మీద ఆ నవ్వు ఎంత బాగుందో! బస్సు టైమైందని ఆమె సంచీ భుజానికి వేసుకుంది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"కురిచేడు వాళ్లు పదకొండుకు వస్తారు. మీ అమ్మీని తొమ్మిదికల్లా మా ఇంటికి పంపించండి. పంపిస్తారు గదా, రఫీ?"

"పంపిస్తా," అన్నాను.

"నోరు తెరుచుకుని నిలబడినావేంది, తాడు చుట్టురా," అన్నాడు మామ వెనక నుంచి.

నేను కదల్లేదు. ఆమె రోడ్డు దాటి బస్సెక్కేదాకా, నా పేరు వెనక ఆ భాయ్ వస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. రాలేదు.