మూఢంలో గడపలు

ఉదయం ఆరు నలభైకి పదకొండో లంక జనాభా సున్నాగా నమోదైంది. అంతకు ముందు రోజు అది పద్దెనిమిది వందల తొంభై ఆరు.

ఏడున్నరకు గీతల కేంద్రం సరిచూపుకు ఆదేశం ఇచ్చింది. తొమ్మిదీ పదికి సరిచూపరి పెయ్యల సుభాషిణి లంకలో పడవ దిగింది. వెంట పలక, గీతకోల తెచ్చుకుంది. కోలను ఒడ్డు మట్టిలో దిగేసి పిడి మీద బొటనవేలు ఆనించింది. దీపం వెలిగింది. సరిచూపు ముగించి అదే వేలితో కోల పీకేదాకా ఆ చుట్టుపక్కల గీత కదలదు. ఆమె పన్నెండేళ్ళ ఉద్యోగంలో దిగేయడానికీ పీకడానికీ మధ్య సగటున పదకొండు నిమిషాలు పట్టింది.

ప్రతి ఇంటి గడప చెక్కలోనూ ఒక దాటుపట్టీ ఉంటుంది. ఎవరు దాటారో అది కేంద్రానికి చెబుతుంది. ఆ లెక్క ప్రకారం పక్షానికోసారి, సాయంత్రం నాలుగు గంటలకు, నూట డెబ్బై అయిదు శాసనసభ స్థానాల హద్దు గీతలు జరుగుతాయి. అరవై వేల మందికి తగ్గిన స్థానం రద్దయి, దాని కుర్చీ జనం పెరిగిన చోటికి వెళుతుంది. ఈ లంకతో కలిపి ఏడు లంకలున్న నలభై మూడో స్థానంలో నిన్నటి జనాభా అరవై వేల ఎనిమిది వందలు. పదకొండో లంక సున్నా అయితే ఆ స్థానం ఉండదు. గీత జరగాల్సింది ఈ రోజే.

లంక పెద్ద మల్లాడి బంగారమ్మ వలల పాక ముందు కూర్చుని ఉంది.

"గడపలు ఏవండీ?" అని సుభాషిణి అడిగింది.

"అదుగోనమ్మా, లోపల."

పాకలో నాలుగు వందల పన్నెండు ద్వారబంధాలు గడపలతో సహా పడుకోబెట్టి ఉన్నాయి. ఆదివారం గోదావరి తూర్పు ఒడ్డును నలభై మీటర్లు కోసింది. సోమవారం చీకటి పడేలోగా లంకవాళ్ళు ఇళ్ళన్నీ విప్పి పడమటి వైపుకు మోసుకొచ్చారు. జనం టార్పాలిన్ల కింద ఉన్నారు.

"నాలుగు వందల ఇళ్ళు ఒక్క రోజులోనా?"

"ఆయ్. మాకిది ఏడోసారి. చేతులకి అలవాటైపోయింది."

"మరి నిలబెట్టడానికో?"

"అదీ ఒక రోజేనమ్మా. మూఢం కదా. ఇంకా తొమ్మిది రోజులుంది. మూఢంలో ద్వారబంధం ఎవరు నిలబెడతారు?"

సుభాషిణి విషయం చెప్పింది. నాలుగింటికి స్థానం రద్దవుతుంది. గురువారం సభలో రాతికట్ట మీద ఓటింగు ఉంది. కట్ట లంకలకు వేయాలా, పట్నం రేవుకు వేయాలా అన్నది ఆ రోజే తేలుతుంది. లంకల తరఫున లేచి మాట్లాడే సభ్యురాలు అప్పటికి ఉండదు. కట్ట లేకపోతే ఈ లంక మరో రెండు వరదలకు మించి నిలవదని ఇంజినీర్లు రాసి ఇచ్చారు.

చుట్టూ జనం చేరారు.

"ఓ పని చేద్దారి," అన్నాడు ఒలేటి ఏసోబు. "అందరం ఆ కుప్ప మీద అటూ ఇటూ గెంతేద్దాం. పట్టీకి దాటినట్టేగా?"

"పడుకున్న గడప లెక్కలోకి రాదండి. నిలబడి ఉండాలి," అంది సుభాషిణి.

"అయితే మా దేవుడికి మూఢం లేదు. మా అరవై ఇళ్ళూ మేం నిలబెట్టేసుకుంటాం."

"నిలబెట్టు, ఎవడొద్దన్నాడు," అంది బంగారమ్మ. "వడ్రంగి ఏడి? ఉన్నది సత్తిరాజొక్కడే. మూఢంలో ద్వారబంధం మీద ఉలి పెడతాడేటి? కిందటి మూఢంలో మీ చర్చి గుమ్మానికి పెట్టాడా?"

"లేదత్తా. నెల్లాళ్ళు గోనెపట్టా కట్టుకున్నాం."

జనం నవ్వారు. వెనక నిలబడ్డ సత్తిరాజు నవ్వలేదు.

బంగారమ్మ సుభాషిణి పక్కకు జరిగింది. "నిలబడే ఉన్నాయని నొక్కెయ్యమ్మా."

"పైనుంచి పటం తీస్తారండి. అబద్ధమని తేలితే నా జవాబు కొట్టేస్తారు. గీత అప్పుడే జరిగిపోతుంది."

"లేవని నొక్కితే?"

"నాలుగింటికి జరుగుతుంది."

పలక మీద ఒకటే ప్రశ్న ఉంది. గడపలు నిలిచి ఉన్నాయా? దాని కింద అవును, కాదు. సుభాషిణి రెండూ నొక్కకుండా పలక సంచిలో పెట్టి, పాక ముందు పీట మీద కూర్చుంది.

రెండుంబావుకు కేంద్రం నుంచి పర్యవేక్షకుడు కట్టా ప్రసన్నకుమార్ ఫోను చేశాడు.

"సుభాషిణిగారూ, కోల పీకలేదేంటండీ?"

"పని అవలేదండి."

"అయిదు గంటలైంది. ఏం చేస్తున్నారక్కడ?"

"ఇప్పుడైతే చేపల పులుసు తింటున్నానండి."

"నవ్వులాటా? గడపలు చూశారా లేదా?"

"నిలబెట్టాక చూస్తానండి."

"ఎప్పుడు నిలబెడతారు?"

"తొమ్మిది రోజులు పడుతుందంటున్నారు."

"సరిచూపుకు గడువు లేదా?" అని అతను పక్కవాళ్ళను అడగడం ఆమెకు వినిపించింది. నిబంధనల్లో గడువు రాసి లేదు. ఇంతవరకూ ఎవరికీ దాని అవసరం పడలేదు.

"ఉద్యోగంలోంచి తీసేస్తాం. తెలుసా?"

"తీసెయ్యండి. తీసేస్తే నా వేలు చెల్లదు. ఆ కోల ఇక ఎవరికీ ఊడదు."

అతను ఫోను పెట్టేశాడు. మూడింటికి ఒక హెచ్చరిక, మూడు నలభైకి మరొకటి పలక మీదికి వచ్చాయి. రెండూ చదివినట్టు ఆమె వేలిముద్ర వేసింది.

"ఉద్యోగం పోద్దా అమ్మా?" అని బంగారమ్మ అడిగింది.

"మూఢం అయ్యేదాకా పోదండి. తరవాత పోతుంది."

నాలుగు గంటలకు నలభై మూడో స్థానం గీత కదలలేదు. దానితో హద్దు పంచుకున్న నలభై ఒకటి, నలభై రెండు, నలభై నాలుగు స్థానాల గీతలు జరగడం మొదలై ఆగిపోయాయి. వాటి పక్కవి ఆ తరవాత ఆగాయి. నాలుగూ ఇరవై ఆరుకు గీతల కేంద్రం తుది పట్టిక విడుదల చేసింది. నూట డెబ్బై అయిదు స్థానాల్లో గీత జరిగినవి ఒక్కటీ లేవు.