బొత్తాం అబద్ధమాడుతుంది

మలాంగా పొట్టలో రెండు తూటాలు దిగాయి. సైలెన్సర్ బిగించిన పిస్టల్ కావడంతో పక్క షెడ్డులో వెల్డింగు చేస్తున్నవాళ్లకు కూడా వినబడలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఏజెంట్ మొతుసి తలుపు తోసుకుని వెళ్లేసరికి, సొవెటోలో అంతటి మెకానిక్ లేడని పేరున్న ఆ ముసలాయన తన జాకీ పక్కనే వెల్లకిలా పడి ఉన్నాడు.

"మావయ్యా! ఎవరు? ఎవరు కాల్చారు?"

"బొత్తాం..." అన్నాడు మలాంగా. "బొత్తాం అబద్ధం..."

అంతే, ప్రాణం పోయింది. మొతుసి ఆయన గుప్పిట విప్పి చూశాడు. లోపల ఆకుపచ్చటి ఫ్యూజు ఉంది. దాని మీద 40 అని అంకె వేసి ఉంది.

మలాంగా నిఘా డిపార్ట్‌మెంటుకు మూడేళ్లుగా సమాచారం ఇస్తున్నవాడు. మొతుసి మూడు వారాలుగా గడ్డం అతికించుకుని, పాత టైర్ల వ్యాపారి వేషంలో ఆయన చుట్టూ తిరుగుతున్నవాడు. స్పిన్నింగ్ అంటే కార్లను ఒకే చోట గిరగిరా తిప్పి పొగ లేపడమని తప్ప, ఆ మూడు వారాల్లో అతనికి ఒంటబట్టింది పెద్దగా లేదు.

పదకొండింటికి ప్రిటోరియాలో మొతుసి తన పై అధికారి కర్నల్ మబుసెలా టేబుల్ మీద ఫ్యూజు పెట్టి, మలాంగా చివరి మాట చెప్పాడు. కర్నల్ వెంటనే తేల్చేశాడు.

"రెనార్ ముఠా చేతికి రెండు కిలోల పేలుడు మందు చేరింది. రేపు కోర్టులో ప్రాసిక్యూటర్ గ్లాడిస్ మథుంజ్వా నోరు విప్పితే ఆ విదేశీ ముఠా మొత్తం లోపలికి పోతుంది. కాబట్టి గురి ఆవిడే. బొత్తాం అంటే ఏమిటి? కోర్టు లిఫ్టు బొత్తాం! అక్కడ వెతికిస్తున్నాను. ఈ ఫ్యూజు లోపల మైక్రోఫిల్మ్ ఉంటుంది. ల్యాబ్‌కి పంపుతున్నాను."

"ఆవిడ ఇవాళ ఎక్కడుంటారు సార్?"

"మధ్యాహ్నం సొవెటోలో స్పిన్నింగ్ చూడ్డానికి వెళుతోందట, పుట్టిన పేట కదా. వెళ్లనీ, అక్కడైతే భద్రంగానే ఉంటుంది."

"అక్కడ కారు తిప్పే ఫెజెకా సంగతి?"

"ఇటు మనకీ అటు రెనార్‌కీ పనిచేస్తోందని రిపోర్టు రాసింది నువ్వే కదయ్యా. ఆమె ఏమైనా నీకనవసరం."

రాసిన మాట నిజమే. రాసిన రాత్రి నిద్రపట్టని మాటా నిజమే. ఫెజెకాను మొతుసి ప్రేమించాడు, ఆ ముక్క ఏ రిపోర్టులోనూ రాయలేదు.

మధ్యాహ్నం మూడింటికి గ్రౌండు కిక్కిరిసి ఉంది. టైర్లు తొందరగా అరిగిపోకుండా తారు మీద నీళ్లూ డీజిలూ కలిపి కుమ్మరించారు. గేటు నుంచి స్టాండు వైపు నేల వాలుగా ఉంటుంది. ముందు వరసలో, పసుపు టోపీ పెట్టుకుని, మథుంజ్వా కూర్చుని ఉంది. ఆవిడకు పది కుర్చీల అవతల టైర్ల కంపెనీ ప్రతినిధినని చెప్పుకుంటున్న రెనార్, నల్లద్దాలు పెట్టుకుని, లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచున కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు.

మొతుసి కంచె దగ్గర తిండి అమ్మే కెదిబొనె బండి ముందు నిలబడి, రొట్టెను తొలిచి వేపుళ్లు కూరిన కోటా తింటున్నాడు.

బంగారు రంగు జాకెట్ వేసుకుని, రెనార్ బహుమతిగా ఇచ్చిన ఎర్రటి కొత్త కారులో ఫెజెకా గేటు దాటి వచ్చింది. జనం ఈలలు వేశారు. మైకులో అనౌన్సర్ అందుకున్నాడు.

"ఓ ఫెజెకా అక్కోయ్! నీ పాత డబ్బా కారుని వదిలేసి కంప్యూటర్ కారెక్కావే! బొత్తాం నొక్కావా? జాగ్రత్త తల్లీ, బొత్తాం అబద్ధమాడుతుంది!"

గ్రౌండంతా ఘొల్లుమంది. మొతుసి చేతిలోని కోటా కింద పడింది.

"ఏమన్నాడు వాడు?"

"మూడు వారాల్నుంచి టైర్లమ్ముతూ ఇదీ తెలీదా నాయనా?" అంది కెదిబొనె. "కొత్త కార్లలో చక్రం జారనివ్వకుండా కంప్యూటర్ ఉంటుంది. బొత్తాం నొక్కితే ఆఫ్ అని లైటు వెలుగుతుంది. ఉత్తదే! సగమే పడుకుంటుందది. కాస్త తిరగనిస్తుంది, గట్టిగా తిప్పావో, లేచి బ్రేకు పంపు నడిపి చక్రాన్ని పట్టేసుకుంటుంది. ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు."

"ఆ పంపుకి ఫ్యూజు ఉంటుందా?"

"ఉండకేం? ఆకుపచ్చది, నలభైది."

మొతుసికి అప్పుడు అర్థమైంది. మలాంగా చెప్పింది సంకేతం కాదు, మామూలు మాట. బాంబు ఆ కారులోనే, ఆ పంపు తీగకే ఉంది. ఆ కారు తన షెడ్డుకి వచ్చినప్పుడు ముసలాయన అది చూసి ఫ్యూజు పీకేశాడు, రెనార్ మనుషులు ఆయన్ని చంపి ఇంకో ఫ్యూజు పెట్టుకున్నారు. ఫెజెకా స్టాండు ముందుకెళ్లి గట్టిగా తిప్పడమే ఆలస్యం. స్పిన్నింగ్‌లో ప్రమాదవశాత్తూ కారు పేలిందని రేపు లోకమంతా అనుకుంటుంది.

కెదిబొనె రొట్టె కత్తి లాక్కుని కంచె దూకాడు.

"నా కత్తిరా దొంగా!" అని వెనక నుంచి అరుపు.

ఫెజెకా ఇంకా జనానికి చెయ్యి ఊపుతూ మెల్లగానే వస్తోంది. మొతుసి పక్కగా పరుగెత్తి, తెరిచి ఉన్న కిటికీలోంచి తల ముందుగా లోపలికి దూరాడు. కిటికీల్లో వేలాడే విన్యాసాలు అక్కడ మామూలే కాబట్టి జనం ఇంకా హుషారెక్కారు.

"నీకేం పిచ్చా టైర్లాయనా?"

"చక్రం జారనివ్వకు! బ్రేకు తొక్కకు! పంపు తిరిగిందంటే బాంబు పేలుతుంది!"

"ఎవరు చెప్పారు?"

"మలాంగా. పొద్దున్న ఆయన్ని చంపేశారు. చేతిలో పంపు ఫ్యూజు ఉంది."

ఫెజెకా మొహంలో రక్తం ఇంకిపోయింది. పదేళ్ల వయసులో ఆమెకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మలాంగాయే.

"స్టాండు ముందు ఒక్క నిమిషం పొగ లేపమన్నాడు రెనార్. ఆ సందులో ప్రాసిక్యూటర్ ఫైలు కొట్టేస్తామన్నాడు. ఒట్టు, అంతే చెప్పాడు!"

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఆపే దారి చెప్పు!"

"ఎలా ఆపను? వాలు లాగేస్తోంది. ఈ తడిలో బ్రేకు మీద కాలు పెడితే చాలు, చక్రం జారుతుంది." ఆమె స్టీరింగు మెల్లగా పూర్తిగా తిప్పింది. కారు వెడల్పుగా చుట్టు తిరిగింది. ప్రతి చుట్టుకీ స్టాండు దగ్గరవుతోంది. పసుపు టోపీ ముప్పై అడుగుల దూరంలో కనబడింది.

"ముందు చక్రం వెనకాల సన్నటి నల్ల తీగ ఉంటుంది," అంది ఫెజెకా. "చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే తీగ. అది తెగితే దానికి లెక్క తప్పి మొత్తం వదిలేస్తుంది. మావయ్య ఎప్పుడూ అదే పీకేసేవాడు. కానీ కారు కదులుతుండగా ఎవరూ..."

మొతుసి అప్పటికే కిటికీలోంచి వెనక్కి వాలాడు. నడుము దాకా బయటికి జారి, తలకిందులుగా వేలాడుతూ చెయ్యి చక్రం సందులో పెట్టాడు. డిపార్ట్‌మెంటు ఇచ్చిన లేజర్ పెన్ను జేబులోంచి జారి డీజిలు నీళ్లలో పడిపోయింది. టైరు మోచేతిని గీరుతోంది. గడ్డం ఊడి ఎగిరిపోయింది. వేలికి తీగ తగిలింది, జారిపోయింది. మళ్లీ తగిలింది.

"పది అడుగులే ఉన్నాయి మొతుసీ!"

తన అసలు పేరు ఆమెకు తెలుసని అతనికి అప్పుడే తెలిసింది. కళ్లు మూసుకుని రొట్టె కత్తితో కోశాడు.

లోపల టింగుమని చప్పుడైంది. మీటర్ల అద్దం వెనక పసుపు లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. ఒక్క క్షణం ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఏమీ పేలలేదు.

"పడుకుంది!" అని అరిచింది ఫెజెకా. అతని బెల్టు పట్టి లోపలికి లాగి, యాక్సిలరేటర్ నేలకు తొక్కింది. కారు స్టాండుకి మూరెడు దూరంలో మొహం తిప్పుకుని గిర్రున తిరిగింది. తెల్లటి పొగ లేచింది. లేచి పారిపోతున్న రెనార్ ఆ పొగలో దారి తెలియక కెదిబొనె బండికి గుద్దుకున్నాడు. పది నిమిషాలకు పోలీసులు వచ్చేదాకా కెదిబొనె వాడి మీదే కూర్చుంది.

కారు ఆగి, మొతుసి బానెట్టెత్తి ఆకుపచ్చ ఫ్యూజు పీకేశాక, ఫెజెకా స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"నా గురించి ఏం రాస్తావు?"

"ఎవరి మనిషివని రాయమంటావు?"

"ఇవాళ్టికి మలాంగా మావయ్య మనిషిని," అంది. మొతుసి అలాగే రాద్దామనుకున్నాడు.

ఫోను మోగింది. కర్నల్.

"మొతుసీ, ఫ్యూజుని పొడి చేసి చూశారు. మైక్రోఫిల్మ్ లేదు. అది ఉత్త ఫ్యూజేనట!"

"అవును సార్. మలాంగా కూడా అదే చెప్పాడు."

"లిఫ్టులోనూ ఏమీ దొరకలేదు. ఇంతకీ మేం బొత్తాం నొక్కొచ్చా?"

"నొక్కండి సార్," అన్నాడు మొతుసి, రక్తం కారుతున్న మోచేతికి రుమాలు చుట్టుకుంటూ. "కానీ లైటు వెలిగింది కదా అని నమ్మకండి."