హౌగ్నెస్ తలుపు మీద మూడు దెబ్బలు

హౌగ్నెస్ వాళ్ళ పడవల కొట్టం వైపు పొద్దుగూకాక మా ఊళ్ళో ఎవరూ పోరు. సముద్రమంటే లెక్కలేదని డప్పులు కొట్టుకునేవాళ్ళు కూడా అక్కడ వల మర్చిపోతే పొద్దున్నే వెళ్ళి తెచ్చుకుంటారు.

ముందు మీకొక సంగతి చెప్పాలి. మా వైపు, ఈ ఉత్తరపు చలిదేశంలో, మనిషి కంటే ముందు మనిషి చప్పుడు వస్తుంది. అదేం భయపడాల్సిన విషయం కాదు. నా మొగుడు బతికున్న రోజుల్లో ఎన్నిసార్లో — గేటు కిర్రుమనేది, మెట్టు మీద బూట్లు దులుపుకున్న చప్పుడు, ఒక దగ్గు. వెళ్ళి తలుపు తీస్తే ఎవరూ ఉండరు. అందుకే తీయం. పొయ్యి మీద కాఫీ పెడతాం. అది మరిగేలోపు అసలు మనిషి దిగుతాడు. మా అమ్మ ఇంతే, వాళ్ళమ్మా ఇంతే. చప్పుడికి తలుపు తీయకూడదు, కాఫీ పెట్టాలి.

హౌగ్నెస్ చప్పుడు మాత్రం వేరు. సెప్టెంబర్‌లో, చీకటి పడగానే, కొట్టం దగ్గర తెడ్లు లోపల పెట్టినట్టు వినిపిస్తుంది. తర్వాత రాళ్ళ మీద తడి బూట్లు... చప్... చప్... పైకి, ఇంటిదాకా. తలుపు మీద మూడు దెబ్బలు.

ఆ తర్వాత మనిషి రాడు. కాఫీ చల్లారిపోతుంది, అంతే.

1911 సెప్టెంబర్‌లో ఆ ఇంటి పెద్దకొడుకు గుడ్‌లైక్ అమెరికా బయల్దేరాడు. స్టీమరు అవతలి ఒడ్డున ఆగేది. పాలేరు ఆమున్ అతన్ని పడవలో దింపడానికి వెళ్ళాడు. తెల్లారేసరికి పడవ బోర్లా తేలుతూ కనబడింది. గుడ్‌లైక్ టికెట్టు చూపించి ఎక్కినట్టు స్టీమరు కాగితాల్లో ఉంది. కాబట్టి తిరిగొస్తూ మునిగింది ఆమునే అన్నారు. పాలేరు కదా, ఎవరూ పెద్దగా ఏడవలేదు.

ఆ చప్పుడు ఆమున్ దెయ్యానిదని ఊరంతా చెప్పుకుంది. గుడ్‌లైక్ తల్లి ఒప్పుకోలేదు. "నా కొడుక్కి ఇంటిమీద బెంగ. వాడి చప్పుడు ముందొస్తోంది, వాడు వెనకాల వస్తాడు" అనేది. పోయేదాకా కాఫీ పెడుతూనే ఉంది. తన సమాధి రాయి మీద తన పేరు కింద కొడుకు పేరుకి జాగా వదలమని మరీ చెప్పి పోయింది. ఆ జాగా అలాగే ఖాళీగా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఇల్లూ, పొలమూ సిగ్రున్‌వి. గుడ్‌లైక్ తమ్ముడి మనవరాలు. నా పక్కిల్లే. నాకంటే రెండేళ్ళు పెద్ద, నోరు ఇరవయ్యేళ్ళు పెద్ద.

2022లో ఆవిడకి అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు లోవెల్, మిన్నెసోటాలో ఉంటాడు, గుడ్‌లైక్ మనవణ్ణన్నాడు. కూతురు జనెల్‌తో కలిసి చుట్టాల్ని చూడ్డానికి వస్తున్నాడట. తాత సమాధి దగ్గరి మట్టి తెస్తాడట. దాన్ని తాతగారి తల్లి పక్కన పెట్టి, ఆ రాయి మీద ఖాళీలో తాత పేరు చెక్కించాలట. సమాధి సిగ్రున్ పేరున ఉంది, ఆవిడ సంతకం పెట్టందే అది జరగదు.

"నూరేళ్ళు గుర్తుకురాని వాళ్ళకి ఇప్పుడెందుకే మనం గుర్తొచ్చాం?" అంది సిగ్రున్. "పెద్దకొడుకు వంశం! ఇవాళ రాయి మీద పేరంటాడు, రేపు పొలం నాదే అంటాడు."

"చట్టం అంతదూరం వెళ్ళదులే అక్కా."

"చట్టం నీకేం తెలుసు? ఫెర్రీలో సాసేజీలు అమ్మినదానివి!"

ఆ ఫెర్రీలోనే నాకు ఇంగ్లీషు పట్టుబడింది. అందుకే నన్ను పిలిచింది. తనకి ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు. రానట్టు కూచుంటుందట, వాళ్ళలో వాళ్ళేం గుసగుసలాడుకుంటారో వినడానికి!

సెప్టెంబర్‌లో వచ్చారు. లోవెల్‌కి డెబ్భై నాలుగేళ్ళుంటాయి. మా తాతల నాటి ముగ్గుల స్వెట్టరు, దానికి వెండి గుండీలు. చలి కూడా లేదు, చెమటలు కక్కుతున్నాడు. "చెల్లీ!" అంటూ సిగ్రున్‌ని కావిలించుకున్నాడు. సిగ్రున్ చీపురుకట్టలా బిగుసుకుపోయింది.

నానబెట్టిన ఎండుచేప పెడతామని అతని ఆశ. పాపం, సిగ్రున్ ఫ్రీజర్లోంచి పిజ్జా తీసి ఓవెన్‌లో పడేసింది. మేం తినేది అదే మరి.

లోవెల్ బల్ల మీద ఒక పాత కాఫీ డబ్బా పెట్టాడు, లోపల ఆ మట్టి. సిగ్రున్ దానివైపు చూసిన చూపుకి మూత ఊడి పడాల్సింది.

"మా తాత ఇందులో మేకులు దాచుకునేవాడు" అన్నాడు లోవెల్. "వెళ్ళిన మొదటి ఏడాదే అడవిలో దుంగ పడి కుడికాలు చచ్చుబడింది ఆయనకి. ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆ సర్రుమనే చప్పుడు వింటే చాలు, పిల్లలం అల్లరి మానేసేవాళ్ళం. ఊరి సంగతి అడిగితే మాత్రం నోరు విప్పేవాడు కాదు. చివరి రోజుల్లో 'నిన్ను మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తా తాతా' అన్నాను. వద్దని తలూపాడు. నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక. కానీ నేను మాటిచ్చాను కదా... ఇవ్వలేదా?" అని కూతుర్ని చూశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది. సిగ్రున్‌కి వెయ్యలేదు.

"తాత పడవెక్కిన చోటు చూసొస్తా" అని డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. బయట మసక పడుతోంది.

"ఇప్పుడొద్దని చెప్పు" అంది సిగ్రున్. చెప్పాను. వింటేనా! అతను గడప దాటగానే నన్ను మోచేత్తో పొడిచింది. "వెళ్ళి చూడవే. పొలం గట్లు అడుగులేసి కొలుస్తున్నాడేమో."

వెళ్ళాను. కంచె దగ్గరే ఆగిపోయాననుకోండి, నాకేం పిచ్చా? కొట్టం లోపల జరిగింది తర్వాత లోవెల్ తన నోటితో చెప్పిందే. ఒక్క ముక్క కలపను.

బోర్లించిన పడవ మీద కూచున్నాడట. నీళ్ళు చడీచప్పుడు లేకుండా ఉన్నాయట. ఉన్నట్టుండి — తెడ్లు లోపల పెట్టిన చప్పుడు. తలెత్తి చూశాడు. రేవులో పడవే లేదు.

రాళ్ళ మీద... చప్... చప్...

"బోర్గిల్ గారూ, మీరేనా?" అని గుసగుసగా అడిగాడట.

బోర్గిల్ అంటే నేనే. కానీ అది నేను కాదుగా.

అడుగులు కొట్టంలోకి వచ్చాయి. అతని ఎదురుగా ఆగాయి. నాచు వాసన... డబ్బా పట్టుకున్న చేతి మీద చల్లటి నీటిచుక్క ఒకటి... ఇంకొకటి. ఎవరో వంగి డబ్బాలోకి చూస్తున్నట్టు!

నాకు కనబడింది మాత్రం ఇదీ: డెబ్భై నాలుగేళ్ళ మనిషి కుర్రాడిలా గట్టెక్కి పరిగెత్తుకొస్తున్నాడు. అతని వెనకాల ఎవరూ లేరు. చప్పుడు మాత్రం ఉంది. నేనూ లగెత్తాను, దాచుకోవడమెందుకు.

లోపలికొచ్చి తలుపు వేశామో లేదో — మూడు దెబ్బలు.

సిగ్రున్ అలవాటుగా లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "భయపడొద్దని చెప్పు. గుడ్‌లైక్ చప్పుడే అది" అంది. ఆ చప్పుడు సంగతంతా చెప్పాను.

లోవెల్ ఆయాసపడుతూనే నవ్వాడు. "మా ఇంట్లోనూ ఇంతే! సెప్టెంబర్ వస్తే చాలు, తాత తలుపు మీద మూడు దెబ్బలు. ఆయన లేచి తలుపుకి వీపు ఆనించి ప్రార్థన చెప్పేవాడు. మీ భాషలోనే. మాకందరికీ బట్టీ పట్టించాడు, ఇంటి బయట ఎవరి ముందూ అనకూడదని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఇప్పటికీ క్రిస్మస్ భోజనానికి ముందు అదే చెప్పుకుంటాం. అర్థం తెలీదు. మధ్యలో ఆయన పేరొస్తుంది, తన గురించే దేవుణ్ణి వేడుకున్నాడనుకున్నాం. ఇది ఆయన ఇల్లేగా, ఇక్కడ అనొచ్చు."

తండ్రీ కూతురూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. ఇద్దరూ ఒక్క గొంతుతో, ఎంతో భక్తిగా చెప్పారు. యాస అమెరికాదే. మాటలు మాత్రం మా ఊరివి, మా ముత్తాతల నాటివి. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

సిగ్రున్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"బాగుంది కదూ?" అన్నాడు లోవెల్, కళ్ళు తెరిచి. "ఏమిటి దాని అర్థం?"

సిగ్రున్ చెప్పింది. ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి.

"'గుడ్‌లైక్, కిందికి పో. పడవ బోల్తా పడ్డాక దాని వీపు ఒక్కడికే చాలింది. నీ టికెట్టు నా దగ్గరుంది. నీ పేరూ నా దగ్గరుంది. నేనింక అవి నీకివ్వలేను.'"

జనెల్ జోడించిన చేతులు విడదీయలేదు. లోవెల్ నావైపు చూశాడు, కాదని చెప్తానేమోనని. టికెట్టు పట్టుకుని అమెరికా వెళ్ళిందీ, అతను తాతా అని పిలిచిందీ పాలేరు ఆమున్‌ని; మునిగింది గుడ్‌లైక్.

మళ్ళీ మూడు దెబ్బలు.

రెండోసారి కొట్టడం అంతకుముందు ఎన్నడూ లేదు. అప్పుడర్థమైంది నాకు — అది ముందొచ్చిన చప్పుడు కాదు. మనిషే. నూట పదకొండేళ్ళు ఇంటికొచ్చి తలుపు కొడుతుంటే, లోపల నాలుగు తరాల వాళ్ళు కాఫీ పెట్టుకుని కూచున్నారు. ఎంత ఘోరం!

లోవెల్ లేచాడు. వెళ్ళి గొళ్ళెం తీశాడు.

బయట ఎవరూ లేరు. నాలుగు రోజులుగా వాన చుక్క లేదు, మెట్టు మాత్రం తడిసి ఉంది.

"లోపలికి రా, గుడ్‌లైక్" అంది సిగ్రున్. ఆ గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

చల్లగాలి నా మోకాళ్ళని రాసుకుంటూ పోయింది. పొయ్యి పక్కన ఖాళీ కుర్చీ కిర్రుమంది. సిగ్రున్ కప్పులో కాఫీ పోసి దాని ముందు పెట్టింది.

డబ్బా దగ్గరికి లాక్కుని లోవెల్ అన్నాడు, "సిగ్రున్ గారూ... ఈ మట్టి ఆ సమాధిలో పెట్టకూడదు." చెల్లీ అనలేదు.

"కూడదు" అంది సిగ్రున్. పిజ్జా ముక్క అతని ముందుకు తోసింది. "తిను. నువ్వేం తప్పు చేశావు?"

పొద్దున్నే రాయి చెక్కేవాడికి ఫోను చేసి, ఆ ఖాళీలో గుడ్‌లైక్ పేరు చెక్కమని చెప్పింది. లోవెల్ డబ్బా పట్టుకుని రేవులోకి దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. మట్టి మొత్తం ఒంపేశాడు. "నువ్వు వద్దన్నది ఇందుకా తాతా? వెళ్ళి నువ్వే చెప్పుకో" అంటూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రం సిగ్రున్ తలుపు బార్లా తీసిపెట్టింది. ఇంక ఏ చప్పుడూ రాదనే అనుకున్నాం. నలుగురం బల్ల చుట్టూ కూచున్నాం.

చీకటి పడింది.

కొట్టం దగ్గర తెడ్లు లోపల పెట్టిన చప్పుడు.

రాళ్ళ మీద తడి బూట్లు. కానీ ఆ నడక కాదిది... చప్... సర్ర్... చప్... సర్ర్...

లోవెల్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "తాత కుడికాలు" అన్నాడు గుసగుసగా.

అడుగులు మెట్టెక్కాయి. గడప దగ్గర ఆగాయి. పొయ్యి పక్కన కుర్చీ కిర్రుమంది.

లోవెల్ సిగ్రున్‌ని చూశాడు. సిగ్రున్ ఆ కుర్చీని చూసింది.

తలుపు తీసే ఉంది. రమ్మని మాత్రం ఎవరూ అనలేదు.